సెకనులో నలభయ్యో వంతు సంగ్రామం

వినండి! చేతిలోని టీ గ్లాసులు కింద పెట్టి, కాళ్ళు బెంచీ మీదికి తీసుకొని, చెవులొగ్గి వినండి!

జంబూద్వీపమందు, భరతఖండమందు, వంగదేశపు నైరుతి సీమయందు, హౌరా నుండి ఒకటి, మద్రాసు దిక్కు నుండి ఒకటి, బొంబాయి దిక్కు నుండి ఒకటి ఉక్కు పాములు పాకి వచ్చి ఒకదానినొకటి పెనవేసుకొను ఖరగ్‌పూర్ అను మహాజంక్షన్ నందు, తాతముత్తాతల నాడు శ్రీకాకుళ విజయనగర సీమల నుండి సుత్తులు భుజాన వేసుకొని వచ్చిన తెలుగువారు నేటికీ వర్క్‌షాపు సైరన్‌నే కోడికూతగా ఎంచి నిద్ర మేల్కొను ఆ పుణ్యపురమునందు, వైశాఖమాసమున, మంగళవారమున, కాలబైశాఖి గాలివాన తన దుమ్ముసేనను ఇంకా కూడగట్టుకొనుచున్న వేళ, రైల్వే గడియారమున పదహారు గంటల ఇరవై నిమిషములకు, ఒక వీరవనిత ఒక ఫోటో తీయ పూనుకొనెను.

ఫోటోయే. వేరేమీ కాదు. పెళ్ళిలో తీసేది, ఆధార్ కార్డుకు తీసేది, అన్నప్రాశనకు తీసేది, అటువంటిదే. అయితే ఆ ఫోటోలో ఉండవలసిన మనిషి ఒకచోట నిలబడదు. బొగ్గు నింపిన యాభై ఎనిమిది వాగన్ల వెనుక, పరుగెత్తే బండి చిట్టచివర, రెప్పపాటులో వచ్చి రెప్పపాటులో పోతుంది. అందువలన ఇది యుద్ధము.

ఆ వీరవనిత నామధేయము అప్పలనర్సమ్మ. భర్త పోయిన పిమ్మట రైల్వేవారిచ్చిన ఉద్యోగాన్ని స్వీకరించి, కుడిచేత పచ్చజెండాను, ఎడమచేత ఎర్రజెండాను ధరించి, ఊరు దాటగానే వచ్చే లెవెల్ క్రాసింగ్ గేటును ఇరవైయేడేళ్ళు ఏకచ్ఛత్రంగా ఏలిన ఉభయపతాకధారిణి. టోటోలనబడు బ్యాటరీ రిక్షాలను, లారీలను, పెళ్ళి ఊరేగింపులను, ఒకసారి పెళ్ళికొడుకును గుర్రంతో సహా గేటు బయట నిలిపివేసిన మహాప్రతిహారి. ఇంజను మొదలు చివరి డబ్బా దాకా ప్రతి బండి వెంటా మెడ తిప్పుతూ, ఏ చక్రం దగ్గరా పొగ లేదని, ఏ గొలుసూ వేలాడడం లేదని తేల్చుకొని, వెనుక నిలబడిన గార్డుకు కుడిచెయ్యి ఎత్తి పచ్చజెండా చూపి ‘ఆల్ రైట్’ పలికి సాగనంపిన చక్రపరీక్షాధురంధర. రిటైరై రెండేళ్ళయింది. మెడ మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నది.

ఇక ఈ సంగ్రామానికి కారణం ఒక గోడ.

సుభాష్‌పల్లిలో తెలుగు రైల్వేవారి రీడింగ్ రూం ఒకటి ఉన్నది. అక్కడ చదివేవారు తక్కువ, క్యారమ్స్ ఆడేవారు ఎక్కువ. దాని తూర్పు గోడ మీద, ఈ ఊరి నుండి బండ్లు నడిపిన తెలుగు డ్రైవర్లు, గార్డులు ఇరవైముగ్గురు అద్దాల వెనుక నుండి లోకాన్ని చూస్తుంటారు. ఇరవైముగ్గురూ మగవారే. పదిహేడుగురికి మీసాలున్నాయి. నట్టనడుమ వెలుగుతున్నది రిటైర్డు గార్డు జ్ఞానప్రకాశం గారి చిత్రం: బ్రేక్‌వ్యాన్ అనే గార్డు డబ్బా వరండాలోంచి వంగి పచ్చజెండా చాచిన యువకుడు, అతని వెనుక చెట్లూ స్తంభాలూ కరిగి గీతలై పారిపోతున్నవి. ఆ గోడకు ఆయనే అధిపతి, ఆయనే ద్వారపాలకుడు, మేకులు కొట్టేది కూడా ఆయనే. నిలబడ్డ బండి మీద దిగిన ఫోటో ఆ గోడకు ఎక్కరాదన్నది ఆయన శాసనం.

అప్పలనర్సమ్మ తమ్ముడి కూతురు మీనాకుమారి. ఈ ఊరి తెలుగువారిలో గార్డు ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్ల. వచ్చే ఆదివారం వాల్తేరుకు బదిలీ మీద వెళ్ళిపోతోంది. ఊరు విడిచాక ఎవరి ఫోటో కూడా కొత్తగా గోడకు ఎక్కదు. అది మరో శాసనం. అందుకే ఆ సోమవారం మేనత్త ఒక ఫోటోతో రీడింగ్ రూం మెట్లెక్కింది.

“ఏటి చెల్లెమ్మా ఇది?” అన్నాడు జ్ఞానప్రకాశం, క్యారమ్ స్ట్రైకర్ పక్కన పెట్టి.

“మా మీనాకుమారి, గార్డుబాబూ. గోడకి.”

“బండి ఆగున్నాది.”

“యార్డులో తీసినారు. ఆగకేటి సేస్తాది?”

“ఆగిన బండెక్కి జెండా పట్టుకుంటే మా యావిడ కూడా గార్డే. అప్పుడు ఆవిడ ఫోటో కూడా ఎట్టాల.”

క్యారమ్స్ బల్ల చుట్టూ నవ్వులు లేచినవి. అప్పలనర్సమ్మ ముక్కుపుడక ఎర్రబడినదని కొందరంటారు.

“మరెలాటిది కావాల?”

జ్ఞానప్రకాశం లేచి నిలబడి, గోడ మీది తన యౌవనం వైపు చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశాడు. “పరిగెత్తే బండి మీద, జెండా పట్టుకోని, మొకం తెలిసేటట్టు ఒక్క ఫోటో తే. తెచ్చిన్నాడు నా పక్కనే ఎడతాను. మేకు నానే కొడతాను. శనివారం దాటితే మాత్రం నన్నడక్కు.”

అప్పుడు ఆ గేటుకులతిలకము, నడుమునకు కొంగు బిగించి, ఇరువది మూడు చిత్రపటములు అద్దములతో సహా అదరునట్లు ఇట్లు గర్జించెను: “ఓయీ భిత్తిపాలకా! ధూమశకటవేగమును నేత్రములతో త్రాగి బ్రతికినదానను! ఆ వేగమునే బంధించి తెచ్చి నీ గోడకు కట్టెదను, చూడుము!” అని కథకుడు చెప్పుచున్నాడు. అక్కడ ఉన్నవారు విన్నది మాత్రం ఇది:

“తెస్తాను. మేకు సిద్ధం సేసుకో.”

ఆ వారం మీనాకుమారికి ఆ గేటు మీదుగా పడినవి మూడే ట్రిప్పులు. మంగళవారం, గురువారం, శనివారం.

వీరులకు ఆయుధం కావాలి. మలంచా రోడ్డు మీద పాస్‌పోర్టు ఫోటోల స్టూడియో నడిపే జెనీ దగ్గర ఆ ఆయుధం ఉన్నది; నల్లని శరీరము, ఒంటి కన్ను, మెడకు వేసుకొను పట్టెడ గల ఏకాక్షి అను దివ్యాస్త్రము. జెనీ ఇరవైయేళ్ళుగా ఒకే మంత్రంతో వృత్తి సాగించిన యోగిని. ఆ మంత్రం “కదలకండి.” కదిలినవారిని ఆమె ఎన్నడూ తీసి ఎరుగదు.

“షట్టర్ స్పీడ్ సరిగ్గా ఎట్టుకో పిన్నీ,” అని మాత్రం చెప్పి, ముందరి చక్రం ఎలా తిప్పాలో చూపి, కెమెరా చేతిలో పెట్టింది. కుర్చీలో ఒక బాబు అప్పటికే కదలసాగాడు.

షట్టర్ అంటే ఏమిటో అప్పలనర్సమ్మకు తెలియదు. కానీ స్పీడు! స్పీడు గురించి ఆమెకు ఒకరు చెప్పాలా? గేటు దగ్గర పట్టాలు బాగుచేస్తున్నారు. పసుపు కాషన్ బోర్డు మీద నల్లటి అంకెలు: ముప్పై. ఏ బండైనా గంటకు ముప్పై కిలోమీటర్లు మించి రాకూడదు. ఆమె కెమెరా చక్రం తిప్పి, ముప్పై అనే అంకె దగ్గర ఆపి, తృప్తిగా తల ఊపింది. బండి స్పీడుకీ కెమెరా స్పీడుకీ పొత్తు కుదిరింది.

అంతట, మంగళవారమున, గంట మ్రోగెను. గేటు కడ్డీలు వాలెను. ఇటు పదకొండు టోటోలు, అటు తొమ్మిది, నడుమ లెక్కకు మిక్కిలి సైకిళ్ళు, ఒక కూల్‌డ్రింకుల బండి, తాటిముంజెల బుట్టతో ఒక అవ్వ. చతురంగబలములు ఇరువైపులా మోహరించెను. కడ్డీకి ఇవతల, రోడ్డు అంచున, మేకపోతు కట్టిన రాతిపక్కన అప్పలనర్సమ్మ పాదములు ఊని నిలిచెను.

“మాసీమా, ఎక్‌టు సోరున్!” అని వెనుక టోటోవాడు అరిచాడు. కాస్త జరగమని.

“రెండేళ్ళ కిందటైతే నిన్నే జరిపేదాన్ని,” అని ఆమె తెలుగులో జవాబిచ్చింది. అతనికి అర్థమైనట్టే ఉంది, హారన్ ఆపాడు.

శంఖధ్వానము! ఇంజను వచ్చెను, భూమి వణికెను, ముంజెల బుట్టలో ముంజెలు వణికెను. దాని వెనుక బొగ్గువాగన్లు, ఒకటి, రెండు, పది, ఇరవై, నల్లని ఏనుగుల వరుసవలె తొండములు లేక తోకలు లేక నడచిపోవుచుండ, చూచువారి ఓపిక పలుచనై, ఒక పిల్లి రెండుసార్లు ఆవలించి, సైకిలు మీది వాడొకడు అటునుండి ఫోను మాట్లాడి ముగించి మరొక ఫోను మొదలుపెట్టిన పిమ్మట, యాబది ఎనిమిదవదాని వెనుక, చిన్న వరండాగల బ్రేక్‌వ్యాన్ కనుపించెను. అందులో తెల్లని చొక్కాతో మీనాకుమారి!

అప్పలనర్సమ్మ ఒకే ఒక్కసారి నొక్కింది. బండి వెళ్ళిపోయింది.

స్టూడియోలో కంప్యూటర్ మీద ఫోటో తెరిచి, జెనీ తెరకు ముక్కు ఆనించి చూసింది. తరువాత అన్నది: “పిన్నీ, ఇది మీనాయేనా? జీడిపాకంలా సాగున్నాది.”

నిజమే. ఒక చెవి నుండి మరో చెవికి మూరెడు దూరం. జెండా ఉన్నచోట పచ్చని పొగ. ముక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పగల మనిషి లేడు.

“స్పీడెంత ఎట్టినావు?”

“ముప్పై. కాషన్ ముప్పయ్యే కదే! బోర్డుంది, కావాలంటే ఎల్లి సూసుకో.”

జెనీ కుర్చీలో కూలబడి కడుపు పట్టుకొని నవ్వింది. కన్నీళ్ళు తుడుచుకొని, లేచి, తలపైన తిరుగుతున్న ఫ్యాను వైపు కెమెరా ఎత్తింది. “ఇది బండి స్పీడు కాదే పిన్నీ. ఇది కెమెరా రెప్ప తెరిసుండే సేపు. ఒక సెకన్ని ముప్పై ముక్కలు సేస్తే అందల ఒక ముక్క. ఆ ముక్కసేపట్లో ఏది కదిల్తే అది సాగిపోద్ది. ఇదిగో, ముప్పై.” నొక్కింది. ఫోటోలో ఫ్యానుకు రెక్కలు లేవు; ఒక బూడిదరంగు పళ్ళెం ఉంది. “ఇప్పుడు వెయ్యి. సెకన్లో వెయ్యో ముక్క.” నొక్కింది. మూడు రెక్కలూ స్పష్టంగా, ఒక రెక్క మీది సాలెగూడుతో సహా, ఆగి ఉన్నాయి.

అప్పలనర్సమ్మ తలెత్తి చూసింది. ఫ్యాను గిరగిరా తిరుగుతూనే ఉంది. ఫోటోలో చూసింది. ఆగి ఉంది.

“పెద్ద నంబరుకి తక్కువ సేపా? ఏటే ఈ ఎదురు లెక్క!”

“ఎదురు లెక్కే. గుర్తెట్టుకో.”

“ఆ ఫ్యాను ఎప్పుడు తుడిసినావు?”

గురువారం వచ్చింది. పట్టాల పని ముగిసింది, పసుపు బోర్డు తీసేశారు, బండి అరవై మీద వచ్చింది. అయినా ఆ రోజు యుద్ధం గురించి కథకునికి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వెయ్యి అనే వజ్రాయుధంతో అప్పలనర్సమ్మ కాలాన్ని గొంతు పట్టుకొని నిలిపివేసింది. ఫోటోలో మీనాకుమారి చొక్కా గుండీలు నాలుగూ లెక్కపెట్టవచ్చు. జెండా అంచున ఊడిన దారం కనిపిస్తుంది. వరండా ఊచ మీద వాలిన ఈగకు రెక్కలు కనిపిస్తాయి. అదే సాయంత్రం పెద్ద సైజులో అచ్చు వేయించి, దిగ్విజయం చేసి వచ్చిన రాణిలా ఆమె రీడింగ్ రూంలో అడుగుపెట్టింది.

జ్ఞానప్రకాశం భూతద్దం తెప్పించాడు. ఆ మూల నుండి ఈ మూలకు చూశాడు.

“పిల్ల బాగున్నాది. ఏ లూప్ లైన్ల నిలబెట్టి తీసినావు?”

“నిలబెట్టడమేటి! అరవై మీద పోతంది బాబూ!”

“సక్రం సూడు. దాని మీద సుద్దముక్కతో ఏటో నంబరు రాసున్నాది. నాను సదివేస్తన్నాను. అరవై మీద తిరిగే సక్రం మీద నంబరు సదవగలిగినోడు ఈ భూమ్మీద ఉన్నాడేటి?”

“జెండా సూడండి మరి! ఎగర్తంది కదా!”

“కాలబైశాఖి రోజులు చెల్లెమ్మా. గాలికి నా లుంగీ కూడా ఎగర్తాది. అంత మాత్రాన నాను ఏ సెక్షన్ల పరిగెడతన్నాను?”

క్యారమ్స్ బల్ల మీద కాయిన్లు ఎగిరేంతగా జనం నవ్వారు. అప్పలనర్సమ్మ ఫోటో చుట్టి చంకలో పెట్టుకొని మెట్లు దిగింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగినవి. ముందుసారి పిల్ల మాయమై పరుగు మిగిలింది. ఈసారి పిల్ల మిగిలి పరుగు మాయమైంది. ఇక ఒక్క బండే ఉన్నది. ఆ పిల్ల రాత్రీ పగలూ ఊగే డబ్బాలో నిలబడి, ఎండలో మాడి, చీకట్లో ఒంటరిగా దిగి వాగన్ల పక్కన నడిచి సంపాదించుకొన్న చోటు అది. తన చేతగానితనం వల్ల అది పోతే, ఆదివారం ఆమెను బండెక్కించేటప్పుడు ఏ ముఖంతో ఎక్కించడం?

“రెండూ కావాల నాకు,” అన్నది శుక్రవారం పొద్దున్నే స్టూడియో షట్టరెత్తుతున్న జెనీతో. “మొకమూ కావాల, పరుగూ కావాల.”

జెనీ ఆలోచించింది. వృత్తి జీవితంలో మొదటిసారిగా తన మంత్రాన్ని తలకిందులు చేసి పలికింది: “అయితే నువ్వు కదులు.”

“ఏటీ?”

“రెప్ప నెమ్మదిగా, నలభై మీద ఎట్టు. ఎట్టి, బండితోపాటు కెమెరా తిప్పు. పిల్ల ఎంత జోరున పోతే నువ్వంత జోరున తిరగాల. అప్పుడు పిల్ల నీకు ఆగినట్టే లెక్క. ఎనకాల లోకమంతా గీతలైపోద్ది. కానీ పిన్నీ, మెడా నడుమూ ఒకే తీరున తిరగాల. అది అందరివల్లా అవదు.”

“మెడ తిప్పడమా?” అన్నది అప్పలనర్సమ్మ. ఆమె ముఖాన సూర్యోదయమయ్యెను. “ఇరవైయేడేళ్ళు నానింకేటి సేసినాననుకున్నావు?”

ఆ దినమున మలంచా రోడ్డు కురుక్షేత్రము కాకపోయినను దానికి పినతల్లి కూతురయ్యెను. పాన్‌షాపు పక్కన మడత కుర్చీలో ఆసీనురాలై, పోవు ప్రతిదానిపైనా ఆమె గురి సారించెను. మొదటి సైకిలుకు తల లేదు. రెండవ సైకిలుకు తల మాత్రమే ఉన్నది. ఆరుగురిని ఎక్కించుకొన్న టోటో ఒకటి సగం కరిగి సగం మిగిలింది. ఒక కుక్క చక్కగా పడేదే, కానీ కెమెరాను చూసి ఆమె దగ్గరికే వచ్చి కూర్చుంది. బెంగాలీ గృహిణి ఒకామె ఆగి, రోడ్డు ఎప్పుడు వేస్తారని అడిగింది. కెమెరా చూసి మునిసిపాలిటీ మనిషి అనుకుంది.

నలభై మూడవ గురికి ఒక చేపల సైకిలు చిక్కింది. బుట్ట అంచున తల వాల్చిన రొహూ చేప కన్ను తళతళ మెరుస్తోంది. వెనుక పాన్‌షాపు, మందులషాపు, మలంచా రోడ్డంతా గీతలై ప్రవహిస్తోంది.

“దేఖ్ దాదా!” అని ఆమె చేపలవాణ్ణి పిలిచి చూపించింది.

అతడు సైకిలు దిగి, తెర మీద తన చేపను తదేకంగా చూశాడు. “కొనరా మాసీమా? ఫోటోలో ఇంత తాజాగా ఉందే,” అని బెంగాలీలో అడిగాడు. ఆ రాత్రి అప్పలనర్సమ్మ ఇంట చేపల పులుసు.

శనివారం. వాయవ్యాన ఆకాశం ఇంకు చల్లినట్టు నల్లబడింది. కాలబైశాఖి తన దుమ్ముసేనను కూడగట్టడం ముగించి దండు వెడలింది. కాగితాలు, ఎండుటాకులు, ఎవరిదో టోపీ రోడ్డు వెంబడి పారిపోతున్నాయి. గేటు వాలింది. అప్పలనర్సమ్మ నలభై మీద చక్రం నిలిపి, నొక్కి పట్టినంతసేపూ టకటకమని వరుసగా తీసే విధము జెనీ నేర్పగా నేర్చి, గాలికి జారకుండా కెమెరా పట్టెడను కుడి మణికట్టుకు మూడు చుట్లు చుట్టింది. ఆ మూడు చుట్లే ఎంత పని చేయబోతున్నవో ఆమెకు తెలియదు.

ఇంజను వచ్చెను. ఆమె మెడ కదలెను. ఏమి మెడ! ఏమి దాని నడక! ఎండాకాలపు మధ్యాహ్నమున ఆఫీసు గుమాస్తా తిరుగుడు ఫ్యాను ఎటు తిరిగిన అటు తన ముఖమును వెంట నడిపి ఒక్క గాలిచుక్కను నేలపాలు కానీయనట్లు, ఆమె ఒక్కొక్క వాగనును ఎడమ నుండి కుడికి చూపుతో సాగనంపి, మరల ఎడమకు వచ్చి, మరల సాగనంపెను. యాబది ఆరు. యాబది యేడు. యాబది ఎనిమిది. దుమ్ముతెర చీల్చుకొని బ్రేక్‌వ్యాన్! వరండాలో మీనాకుమారి! మేనత్తను చూచి చేయి చాచి పచ్చజెండా పట్టెను!

అప్పలనర్సమ్మ మీట నొక్కెను. టకటకటక! మెడ తిరుగుచున్నది, నడుము తిరుగుచున్నది, ఏకాక్షి తిరుగుచున్నది, అంతయు విజయమే అనుకొనుచున్న ఆ క్షణమున, అయ్యో! తన సొంత సేనలోనే తిరుగుబాటు లేచెను. గార్డు జెండా చూపినచో బదులు చూపవలెనని ఇరువది యేడేండ్లు నేర్చిన కుడిచేయి, యజమానురాలి అనుమతి అడుగక, తనంతట తానే పైకి లేవసాగెను! వ్రేలు “నొక్కెదను” అనెను. భుజము “ఎత్తెదను” అనెను. మోచేయి ఎవరి పక్షమో తెలియక నడుమ వణికెను. ఉద్యోగధర్మమునకును ఛాయాగ్రహణధర్మమునకును నడుమ సెకనులో నలభయ్యో వంతు సేపు ఘోరయుద్ధము జరిగెను. అంతలో భుజమే గెలిచెను. మణికట్టుకు కట్టిన కెమెరాతో సహా కుడిచేయి ఆకాశమునకు లేచి, పోవు బండికి ‘ఆల్ రైట్’ పలికెను.

“ఓలమ్మో! సెయ్యి ఎత్తీసినాను!” అని ఆమె నెత్తిన కొట్టుకుంది, ఎడమచేత్తో. కుడిచెయ్యి ఇంకా పైనే ఉంది.

వాన మొదలైంది. కెమెరాను కొంగులో చుట్టుకొని స్టూడియోకు పరుగెత్తేసరికి ఫోను మోగింది. బండిని యార్డుకు చేర్చి డ్యూటీ దిగిన మీనాకుమారి.

“అత్తా, కెమెరా ఎత్తి మరీ ఆల్ రైట్ ఇచ్చినావేటి!”

“అదే కదే పాడు పని! పడ్డావో నేదో తెలీదు. నువ్వు జెండా ఎందుకు ఎత్తినావు?”

“ఎత్తకపోతే ఫోటోల ఏటుంటాది?”

మేనత్త ఫోను నడుముకు దోపి, కెమెరాను జెనీ చేతిలో పెట్టింది.

జెనీ ఒక్కొక్క ఫోటో తెరిచింది. మొత్తం పదకొండు. మొదటి మూడింటిలో బొగ్గు. నాలుగు, అయిదింటిలో బొగ్గూ మీనాకుమారీ కలిసిన ఒక నల్లని పచ్చడి. ఏడవదానిలో జెండా ఉంది, పిల్ల లేదు. ఎనిమిదిలో కరెంటు తీగ. తొమ్మిదిలో మబ్బు. పదిలో ఒక గద్ద, అది మాత్రం అద్భుతంగా వచ్చింది. పదకొండులో అప్పలనర్సమ్మ గడ్డం.

ఆరవది జెనీ మళ్ళీ తెరిచింది. రైలుపట్టాల పక్క గడ్డి, స్తంభాలు, మబ్బులు పట్టిన ఆకాశం, సమస్తమూ అడ్డగీతలై పారిపోతుండగా, ఆ ప్రవాహం నడుమ పచ్చజెండా, దాని వెనుక మీనాకుమారి ముఖం, నుదుటి మీద అంటిన వెంట్రుకతో సహా నిలకడగా ఉన్నది. అయితే చాలా చిన్నది. పెద్దది చేస్తే చెదిరిపోతోంది. చివరకు జెనీ తన రాజ్యంలోని ఆస్థాన కొలతకు శరణు వేడింది. పాస్‌పోర్టు సైజు.

“ఇంకో మాట పిన్నీ,” అన్నది కత్తెరతో అంచులు కోస్తూ. “కళ్ళు మూసుకున్నాది.”

వానలో తడుస్తూ అప్పలనర్సమ్మ రీడింగ్ రూం చేరేసరికి సాయంత్రం ఆరున్నర. క్యారమ్స్ ఆగింది. తపాలాబిళ్ళకు అన్నలాంటి ఆ ఫోటోను ఆమె జ్ఞానప్రకాశం అరచేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. భూతద్దం దించాడు. రేకుల కప్పు మీద వాన దండయాత్ర చేస్తోంది.

“పిల్ల కళ్ళు మూసుకున్నాది,” అన్నాడు ఎవరో వెనుక నుండి తొంగిచూసి. “సెల్లదు.”

“మొకం తెలియాలన్నారు,” అన్నది అప్పలనర్సమ్మ. “కళ్ళు తెరవాలని ఎవరూ సెప్పనేదు.”

జ్ఞానప్రకాశం ఫోటోను దీపం వైపు తిప్పాడు. భూతద్దాన్ని ఇంకా కిందికి దించాడు. మూసిన ఆ రెప్పల మీద, వాటి అంచున ముడతపడ్డ చర్మం మీద, బిగబట్టిన పెదవుల మీద చాలాసేపు నిలిపాడు. తరువాత ఆయన తన ఎడమకన్ను తనకు తెలియకుండానే ఒకసారి రుద్దుకున్నాడు.

“ఒరే, నీకేటి తెలుసురా,” అన్నాడు వెనుకవాడితో, తల ఎత్తకుండానే. “దుమ్ము ఇలాగ కళ్ళల్ల కొట్టాలంటే బండి యాభై దాటాల. ఆగిన బండి మీద ఎవుడూ కళ్ళు ఇలాగ ముయ్యడు. మూసి కూడా జెండా దించనేదు, సూడు. ముప్పైనాలుగేళ్ళు నానూ ఇలాగే మూసుకున్నాను. నన్ను తీసినోడు నా కళ్ళు తెరిసిన టయానికి తీసినాడు, అంతే.”

లేచాడు. సుత్తి అడిగాడు. అంత చిన్నదానికి చట్రం లేదు, మేకు కొడితే మనిషే మాయమవుతుంది. ఆఖరుకు ఒక నీలం గుండుపిన్ను తెచ్చి, తన పటం పక్కన, మాట ఇచ్చిన చోటనే, జెండాకు తగలకుండా, ముఖానికి తగలకుండా, తానే గుచ్చాడు. రెండడుగులు వెనక్కి వేసి చూశాడు.

“పరిగెడతంది,” అన్నాడు.

మోగనీ జయభేరి! కాలబైశాఖి ఉరుములే దుందుభులుగా, రేకుల మీది వానే పుష్పవృష్టిగా, ఇరువది ముగ్గురు మగధీరుల పటముల నడుమ, రెండంగుళములకు పావు తక్కువ ఎత్తును, అంగుళమున్నరకు రవ్వంత తక్కువ వెడల్పును గల సువిశాల గోడభాగము శనివారమునాడు, గడువునకు అయిదున్నర గంటల ముందుగా, శాశ్వతముగా జయింపబడెను! దానిని చూడదలచినవారు గోడకు జానెడు దూరమున నిలబడవలెను. భూతద్దము జ్ఞానప్రకాశం గారి వద్ద కలదు, అడిగినచో ఇచ్చును.